ఒకటి కాదు, రెండు కాదు

గ్రంథాలయాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. పుస్తకాల గురించి అడుగుతారు. నేను మనుషుల లెక్క గురించి చెబుతాను. మా రోజుల్లో శాఖా గ్రంథాలయం బతికింది పుస్తకాల మీద కాదు, పాఠకుల రిజిస్టరు మీద. గుమ్మం పక్క బల్ల మీద ఒక పొడుగాటి పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. వచ్చినవాళ్లు పేరు రాసి సంతకం పెట్టాలి. సాయంత్రం మొత్తం వేసి నెలాఖరుకి పైకి పంపాలి. మొత్తం తగ్గితే, అసలు ఈ శాఖ ఎందుకని పైవాళ్లు అడుగుతారు.

మా శాఖ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందు చివర ఉండేది. కింద స్కూటర్ల రిపేరు షాపు, పైన మేము. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఉద్యోగాల ప్రకటన వస్తే కూర్చోడానికి కుర్చీ దొరికేది కాదు. రాకపోతే పేపరు చదివే నలుగురు పెద్దమనుషులే దిక్కు. అలాంటి రోజుల్లో రిజిస్టరును కాపాడింది మా అటెండరు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో ఉంటున్నవాడు. సాయంత్రం ఐదింటికి రిజిస్టరు ముందు కూర్చుని కుడిచేత్తో కొన్ని, ఎడమచేత్తో కొన్ని సంతకాలు పెట్టేవాడు. ఊళ్లు మారిపోయినవాళ్లు, ఉద్యోగాలొచ్చి వెళ్లినవాళ్లు, ఒకరిద్దరు చనిపోయినవాళ్లు కూడా మా శాఖకు క్రమం తప్పకుండా వచ్చేవారు.

"బతికుంటే రాకపోదురా సార్" అనేవాడు.

నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. అది తప్పే. ఆ తప్పు నన్ను ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిపించింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చే పాఠకుల్లో ఒక లెక్కల సారు ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. పక్క వీధి కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పి, వనస్థలిపురంలో తల్లితో, భార్యతో కాపురం ఉండేవారు. ఒకరోజు మూడు లావుపాటి పుస్తకాలు తెచ్చి గ్రంథాలయానికి ఇచ్చారు. ఒక పేజీ తెలియని లిపి, ఎదురు పేజీ ఇంగ్లీషు. తిరగేస్తే మోషే పేరు కనబడింది. ముద్ర వేసి, క్రైస్తవం బీరువాలో పెట్టాను. వారం తర్వాత ఒకటి చేత్తో పట్టుకుని వచ్చారు.

"చిన్న విషయమండీ. మా పుస్తకాల్ని పక్కింట్లో పెట్టారు."

తాము యూదులమని చెప్పారు. గుంటూరు వైపు కొన్ని కుటుంబాలున్నాయి, హైదరాబాద్‌లో ఐదారు ఇళ్లున్నాయి అన్నారు. నేను అందరూ అడిగే ప్రశ్నే అడిగాను, ఇజ్రాయెల్ నుంచి ఎప్పుడొచ్చారని.

"మేం గుంటూరు నుంచి వచ్చామండీ. బస్సులో" అన్నారాయన.

వర్గీకరణ పుస్తకం తెరిచి చూశాను. యూదులకు విడిగా అంకె ఉంది. అన్నేళ్ల సర్వీసులో నేను ఆ అంకెను ఒక్కసారి కూడా వాడలేదు. మూడు పుస్తకాల వీపుల మీద చీటీలు మార్చి, ఖాళీ అరలో నిలబెట్టాను. ఒక మతానికి చోటిచ్చాను కదా అని కాస్త గర్వపడ్డాను కూడా. ఆ గర్వంతోనే ఇంగ్లీషు పేజీలు చదవడం మొదలుపెట్టాను.

ప్రతి గురువారం సారు, ఆయన తమ్ముడు మూల బల్ల దగ్గర కూర్చుని ఆ పుస్తకాల్లో ఒకటి చదివేవారు. తమ్ముడికి హయత్‌నగర్‌లో కరెంటు సామాన్ల దుకాణం. చదవడమంటే మనం చదివినట్టు కాదు. ఒకరు పైకి చదువుతారు, రెండోవారు అడ్డుపడతారు. వేళ్లు ఊపుతారు. బల్ల మీద కొడతారు. నిశ్శబ్దం అని రాసిన బోర్డు సరిగ్గా వాళ్ల నెత్తిమీదే ఉండేది. మొదటి గురువారమే అటెండరు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గా ఇద్దరన్నదమ్ములు ఆస్తి కోసం కొట్లాడుకుంటున్రు. జర చెప్పుండ్రి."

వెళ్లి విన్నాను. నిజంగా ఆస్తి తగవే, కానీ వాళ్లది కాదు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటిది. ఇద్దరు మనుషులు ఒక వస్త్రాన్ని చెరో కొస పట్టుకుని వస్తారు. నాకు దొరికింది, అంతా నాదే అంటాడు ఒకడు. కాదు, నాకే దొరికింది, అంతా నాదే అంటాడు ఇంకొకడు. ఏం చెయ్యాలి? అన్న ఒకడి పక్షం, తమ్ముడు రెండోవాడి పక్షం. వాళ్ల చదువు పద్ధతి అదేనట. ఒక్కడే చదివితే తనకు తాను లొంగిపోతాడు, అందుకే జతగా చదవాలి, ఎదుటివాడు ఒప్పుకోకూడదు. నేను వాళ్లకు వెనకాల పాత పేపర్ల గది ఇచ్చాను. తలుపు వేసుకుని కొట్లాడుకునేవారు.

అటెండరుకు వాళ్ల సంగతులన్నీ కావాలి. శనివారం సారు పాఠం ఎందుకు చెప్పడు, శుక్రవారం పొద్దు వాలకముందే ఎందుకు వెళ్లిపోతాడు అని ఆరా తీశాడు. శుక్రవారం ఇంట్లో ఆడవాళ్లు దీపం పెడతారని తెలిసి, మా ఇంట్ల గూడ శుక్రవారమే అని సంతోషపడ్డాడు. ఒక గురువారం, మీరు ప్రార్థనకు ఎంతమంది కూడుతారు సార్ అని అడిగాడు. మనుషుల్ని లెక్కపెట్టకూడదు అన్నారు సారు. అది వాళ్ల ఆచారం. కానీ కొన్ని ప్రార్థనలకు పదిమంది పెద్ద మగవాళ్లు ఉండి తీరాలి. అందుకని ఒక్కొక్కరినీ చూస్తూ ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు అనుకుంటూ పోతారు. పది కాదు అనగానే ఆపి, ప్రార్థన మొదలుపెడతారు.

లెక్కల సారు మనుషుల్ని లెక్కపెట్టడన్న సంగతి అటెండరుకు ఒక వారం రోజులు నవ్వుకోడానికి పనికొచ్చింది. చివరికి తనకు అర్థమైన రీతిలో తేల్చేశాడు. "వాళ్లకు గూడ రిజిస్టరున్నది సార్. కాకపోతె మనకన్న నయం. పదే."

ఆ సంవత్సరం మొదట్లో నా భార్య పోయింది. ఇంటికి చాలామంది వచ్చారు. వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి చెప్పారు. కర్మ అన్నారు, అదృష్టవంతురాలు అన్నారు, ఆసుపత్రి మార్చి ఉండాల్సింది అన్నారు. లెక్కల సారు వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నారు. గంటసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి నేనే, మంచినీళ్లు తాగుతారా అని అడిగాను. అప్పుడు మాట్లాడారు. తర్వాత పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. దుఃఖంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళితే, వాళ్లు నోరు విప్పేదాకా మనం విప్పకూడదట. ఆ గంటకు నేను ఆయనకు బాకీ ఉన్నట్టే అనుకునేవాణ్ణి.

ఆ దసరా ముందు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. మేమూ తాళం వేసి, సందు మొదట్లో వేసిన టెంటులో కూర్చున్నాం. నేను నినాదాలు ఇచ్చే మనిషిని కాను. కానీ టెంటులో కూర్చున్నాను, రోజూ. మా పక్కన ఒక ఆర్టీసీ కండక్టరు కూర్చునేవాడు. ఆ సందులోనే కిరాయికి ఉండేవాడు. బస్సులు ఆగిపోయాక చేతికి పని లేక, టెంటులో ఎంతమంది ఉన్నారో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం లెక్కపెట్టేవాడు. అది అతనికి అలవాటు, మానలేడు.

లెక్కల సారు కోచింగ్ కూడా మూతపడింది. అయినా గురువారం గురువారం వచ్చి టెంటు దగ్గర నిలబడి నన్ను పలకరించి వెళ్లేవారు. అటెండరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆంధ్రా సారును గూడ సమ్మెల కూసోబెట్టినం, ఫోటో తియ్యుండ్రి అని ఆటపట్టించేవాడు. ఆయన నవ్వేవారు. విభజన గురించి ఆయన మనసులో ఏముందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక గురువారం వచ్చినప్పుడు ముఖం బాగాలేదు. నేను అడిగితే చెప్పారు. సోమవారం వాళ్ల నాన్న పోయి ఏడాది. మొదటి సంవత్సరీకం. ఆ రోజు కొడుకు ఒక ప్రార్థన చెప్పాలి. అందులో చావు మాటే ఉండదు, దేవుణ్ణి పొగడటమే. కానీ పదిమంది లేకపోతే చెప్పకూడదు. నగరంలో మగవాళ్లు ఏడుగురు. మిగిలిన ముగ్గురు, వాళ్ల బావమరుదులు, గుంటూరు నుంచి రావాలి. బస్సులు లేవు, హైవే మీద బండ్లు ఆపేస్తున్నారు, రైళ్లూ నమ్మకం లేదు. అమ్మ ఏడాదిగా ఈ రోజు కోసం చూస్తోంది అన్నారు. సాయం అడగలేదు. చెప్పి వెళ్లిపోయారు.

నేను అటెండరుకు చెప్పాను. అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

"ముగ్గురేనా సార్?" అన్నాడు అటెండరు. ఆ గొంతు నాకు తెలుసు. సాయంత్రం ఐదింటికి రిజిస్టరు తెరిచేటప్పటి గొంతు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకే వింతగా ఉంటుంది. నేను వాళ్ల పుస్తకాలు చదివినవాణ్ణి. పదిమంది పురుషులు అని చదివాను. ఎవరు అన్నది రాసినవాళ్లు చెప్పలేదు, చెప్పనక్కర్లేదనుకుని ఉంటారు. మన తద్దినాలకు భోక్తలు ఎక్కడినుంచో వస్తారు, కూర్చుంటారు, వెళతారు. ఇదీ అంతేననుకున్నాను. అనుమానం బొత్తిగా రాలేదని మాత్రం అనను. వచ్చింది కాబట్టే సారుకు ముందుగా చెప్పలేదు. చెబితే మొహమాటానికి వద్దంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మూడోవాడిగా కండక్టరు వస్తానన్నాడు. ఖాళీ సీటు ఉందంటే అతను ఉండలేడు.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి, ఎల్బీనగర్‌లోని వాళ్ల ప్రార్థన గదికి నడక మొదలుపెట్టాం. కొత్తపేట దగ్గర రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక పంతులుగారు గరిటెతో కిచిడీ కలుపుతున్నారు. కొంచెం అవతల ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే, దాటడానికి పాట అయ్యేదాకా ఆగాం. సమ్మెలో ఉన్న కండక్టరని తెలిసి మా కండక్టరుకు అందరూ దండాలు పెట్టారు, విస్తరి పెట్టబోయారు. అతను చెమటలు కక్కుతూ నడిచాడు.

"ఇరవై ఏండ్ల సంది గీ రోడ్డు మీదనే ఉన్న సార్. స్టాపుకు స్టాపుకు నడుమ గింత దూరమున్నదని తెల్వది."

అక్కడ తలకు గుడ్డ ఉండాలని అటెండరుకు గుర్తు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగి నేనూ కండక్టరూ జేబురుమాళ్లు కట్టుకున్నాం. అటెండరుకు రుమాలు లేదు. టెంటులో పంచిన పట్టీ ఉంటే తిరగేసి కట్టుకున్నాడు. లోపల నోరు తెరవద్దని మా ఇద్దరికీ చెప్పాడు, మాట్లాడితే యాస పట్టేస్తారని. నాకు నవ్వు రాలేదు, భయమేసింది.

సిమెంటు దుకాణం మీద ఒక గది. ప్లాస్టిక్ కుర్చీలు, తెర కట్టిన ఒక చెక్క బీరువా, తూర్పు గోడకు ఏదో లిపిలో ఒక పటం. ఏడుగురు మగవాళ్లు. గుమ్మం పక్క కుర్చీలో సారు తల్లి, తెల్లచీర, చేతిలో వత్తి వెలుగుతున్న గాజు గ్లాసు. సారు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, కూర్చోండి కూర్చోండి అన్నారు. వెనక వరసలో కూర్చున్నాం. కిటికీలోంచి ఎండ అప్పటికే పసుపురంగుకు తిరిగింది. పొద్దు వాలితే తేదీ మారిపోతుందని, ఆ రోజు ఇక ఉండదని నాకు తెలుసు.

తమ్ముడు లేచి, ముఖాలు చూస్తూ గొణిగాడు. ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు. ఏడు కాదు దగ్గర ఆగి, తలుపు వైపు చూసి కూర్చోబోయాడు. ఒకరు కూర్చుని ఉండగా లెక్క ఆగిపోవడం మా కండక్టరు జీవితంలో ఎప్పుడూ చూడలేదు. లేచి నిలబడి, వేలు చూపిస్తూ గడగడా లెక్కపెట్టేశాడు. ఎనిమిది, తొమ్మిది, తనమీద చెయ్యి పెట్టుకుని పది.

"ఫుల్లున్నది సార్" అన్నాడు. "రైట్ రైట్."

ఎవరూ కదల్లేదు. ముసలావిడ గ్లాసు బల్ల మీద పెట్టి, అటెండరు వెనక్కి వచ్చి నిలబడింది.

"నాయనా, నీ తల వెనక జై తెలంగాణ అనుంది" అంది.

పట్టీ ముందువైపు తిరగేసి కట్టాడు గానీ, ముడి దగ్గర మెలిక పడి అక్షరాలు బయటికి వచ్చాయి. అటెండరు పట్టీ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "మూడు తక్కువున్నయంటె ఒచ్చినమమ్మా" అన్నాడు, చిన్న గొంతుతో. అతన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

నేను లేచి, తప్పు నాదని చెప్పాను. సారు నా దగ్గరికి వచ్చారు. పదిమందీ యూదులై ఉండాలని, అందులో తానేమీ చెయ్యలేనని చెప్పారు. నేను ఇంకా ఏదో అంటుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"జవాబు తప్పండీ. స్టెప్పులకు మార్కులు ఇస్తాను."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. తల్లి వైపు చూస్తున్నారు. ఆవిడ మళ్లీ కుర్చీలో కూర్చుని, వేళ్లమీద ఏదో చూసుకుంది.

"నన్ను కలిపినా మీకు ఎనిమిదే. పోనీలే. మీ నాన్నకు ఊళ్లో పదిమంది దొరికింది ఎన్నిసార్లు గనక? దొరకనప్పుడు ఏం చేసేవాడు? చదివేవాడు. చదువు."

చనిపోయినవాళ్ల పేరున చదువుకోవడం వాళ్లలో ఉన్న ఆచారమే. దానికి పదిమంది అక్కర్లేదు, ఇద్దరు చాలు. ఎవరైనా వినొచ్చు. సారు బీరువా పక్క అరలోంచి పుస్తకం తీశారు. ఏది చదవాలని అడిగితే, వస్త్రం సంగతి చదవమంది ఆవిడ. వాళ్ల నాన్న కొడుకులిద్దరికీ మొదట నేర్పింది అదేనట.

అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చున్నారు. సారు చదివి, మాకోసం తెలుగులో చెప్పారు. ఇద్దరూ అంతా నాదే అంటే, ఇద్దరూ ప్రమాణం చేసి సగం సగం పంచుకోవాలి. ఒకడు అంతా నాదే అని, రెండోవాడు సగమే నాది అంటే, మొదటివాడికి మూడు పాళ్లు, రెండోవాడికి ఒక పాలు.

అటెండరు నోరు తెరవకూడదన్న నియమం తనే పెట్టి తనే మరిచిపోయాడు. "గదేం న్యాయం సార్? సగం అడిగినోడు మంచోడు. వానికి పావేనా?"

సారు ముఖంలో ఆ రోజు మొదటిసారి వెలుతురు కనిపించింది. కోచింగ్ సెంటర్లో బోర్డు ముందు ఉన్నట్టే నిలబడ్డారు. రెండోవాడు సగమే నాదన్నాడు కాబట్టి, ఆ మిగతా సగం మీద తగవే లేదు, అది మొదటివాడికి పోయింది. తగవున్నది ఒక్క సగం మీదే. దాన్ని ఇద్దరికీ పంచితే వీడికి పావు. న్యాయం సరే, లెక్క చూడండి అన్నారు.

"అయితె సగం అని అడుగనే ఒద్దు" అన్నాడు కండక్టరు. "అంతా నాదే అనాలె."

"అందరూ అదే అంటున్నారుగా" అన్నాడు తమ్ముడు.

గది ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆ మాట వస్త్రం గురించి కాదని అందరికీ తెలుసు. కింద హైవే మీద నినాదాలు వినిపిస్తున్నాయి. అటెండరు పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు. హైదరాబాద్ ఎవరికని అతను అడగబోతున్నాడని నాకు తెలుసు. అడిగితే ఆ గదిలో మేము ఏమవుతామో తెలియదు. ముసలావిడ ముందుగా అందుకుంది.

"అసలు మాట వదిలేశారు మీరంతా. పంచుకునే ముందు ఇద్దరూ ఒట్టు వెయ్యాలి. మీ వైపు నాయకుడు, మా వైపు నాయకుడు, అబద్ధం చెప్పనని ఒట్టు వేసే మొహం ఎవడికుందో ముందు తేల్చండి. వస్త్రం అప్పటిదాకా నా దగ్గర పెట్టండి."

అటెండరు గట్టిగా నవ్వాడు. తర్వాత అందరమూ నవ్వాం. సారు కళ్లు తుడుచుకున్నారు, అది నవ్వుకేనో కాదో నేను చూడలేదు. కిటికీలో ఎండ ఇంకా కొంచెం ఉంది. ఆయన పుస్తకం మూసేముందు నా వైపు తిరిగారు.

"చదువు నాన్న పేరున అనుకున్నాం. ఇంకొకరి పేరు కలపొచ్చు. మీ ఆవిడ పేరేంటండీ?"

చెప్పాను. ఆయన ఆ పేరు, తండ్రి పేరు కలిపి ఒక వాక్యం పలికి, పుస్తకానికి ముద్దుపెట్టి మూశారు.

బస్సులు మొదలయ్యాక బావమరుదులు వచ్చారనీ, సారు ఆ ప్రార్థన ఆలస్యంగానైనా చెప్పారనీ తర్వాత విన్నాను. సమ్మె అయ్యాక గ్రంథాలయం తెరిచిన మొదటి సాయంత్రం రిజిస్టరు చూస్తే పంతొమ్మిదే ఉంది. ఇదేంటని అడిగాను.

"ఉన్నోళ్లనే రాసిన సార్. సచ్చిపోయినోళ్లను ఇంక పరేషాన్ చెయ్యొద్దు."

శాఖను ఎవరూ మూయలేదు. అన్నేళ్లు ఎందుకు భయపడ్డామో నాకిప్పటికీ తెలియదు. రాష్ట్రం వచ్చింది. సారు వనస్థలిపురం వదిలి ఎక్కడికీ పోలేదు. నేను, కొన్నేళ్లకు అటెండరు, రిటైరయ్యాం. గురువారాలు మాత్రం సాగాయి. పాత పేపర్ల గదిలో ఆయనకు ఎదురుగా కూర్చుని ఒప్పుకోకపోవడం నేనూ నేర్చుకున్నాను. అది నాకు అంత తేలిగ్గా రాలేదు.

నిరుడు లెక్కల సారు పోయారు. ఈమధ్య ఆయన సంవత్సరీకానికి ఎల్బీనగర్ వెళ్లాం. అదే గది, కింద సిమెంటు బదులు టైల్సు దుకాణం. మేం ముగ్గురం వెనక వరసలో కూర్చున్నాం. తలకు సొంత రుమాళ్లు. ఈసారి గుంటూరు నుంచి బావమరుదులు, ఎదిగొచ్చిన ఒక కొడుకును కూడా వెంటబెట్టుకుని ముందురోజే వచ్చారు. తమ్ముడు లేచి మొదలుపెట్టాడు. ఒకటి కాదు, రెండు కాదు. పది కాదు దగ్గరికి వచ్చాక ఆపాలి. ఆపలేదు. నడుచుకుంటూ మా వరసకు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పదకొండు కాదు" అన్నాడు. తర్వాత అటెండరును, కండక్టరును చూసి, "పన్నెండు కాదు, పదమూడు కాదు."

కండక్టరు ఈసారి నోరు విప్పలేదు. బస్సు రేకును తట్టినట్టు, ముందు కుర్చీ వీపు మీద అరచేత్తో రెండుసార్లు మెల్లగా తట్టాడు. ప్రార్థన మొదలైంది.